ఆకాశం అందరిదీ అన్నారు, వరుసలో మనల్ని చివర నిలబెట్టారు



గత భాగంలో మహాడ్ చెరువు గురించి మాట్లాడుకున్నాం. అందులో ఒక విషయం మళ్లీ గుర్తు చేస్తాను. 1923లో బొంబాయి శాసన మండలి, సర్కారు డబ్బుతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్లకూ తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా సరేనంది. కాగితం మీద నీళ్లు అందరివీ అయిపోయాయి. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టేదాకా చవదార్ చెరువు నీళ్లు మనవాళ్ల గొంతు దిగలేదు.

ఇవాళ చెప్పబోయేది నీళ్ల కథ కాదు, ఆకాశం కథ. రేడియో తరంగాల కథ. ఇక్కడా కాగితం ముందొచ్చింది. మనిషికి అందడానికి ఏళ్లు పట్టింది.

మొదట చట్టం సంగతి. 1885లో తెల్లదొరలు ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం చేశారు. అందులో 4వ సెక్షన్ చెప్పేది ఒక్క ముక్క: టెలిగ్రాఫ్ పెట్టడం, నడపడం సర్కారుకు మాత్రమే ఉన్న హక్కు. ఇంకెవరు నడపాలన్నా సర్కారు లైసెన్సు కావాలి. రేడియో వచ్చాక దాన్నీ ఈ టెలిగ్రాఫ్ గొడుగు కిందికే తెచ్చారు. 1933లో వైర్‌లెస్ చట్టం చేసి, రేడియో సెట్టు ఇంట్లో ఉంచుకోవడానికి కూడా లైసెన్సు పెట్టారు. పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు అంటించుకున్న రోజులు మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. 1980ల దాకా అది సాగింది.

స్వతంత్రం వచ్చింది, దొరలు పోయారు, చట్టం మాత్రం ఉండిపోయింది. రాజ్యాంగంలోని ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితాలో 31వ అంశం చూడండి. తపాలా, టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు అన్నీ కేంద్రం చేతిలోనే.

దీన్ని పత్రికతో పోల్చి చూడండి. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' మొదలుపెట్టారు. సాహూ మహరాజ్ 2,500 రూపాయలు ఇచ్చారు. డబ్బు కడతాం, మా పత్రిక ప్రకటన వేయండి అంటే 'కేసరి' పత్రిక వేయలేదు. వేయకపోయినా 'మూక్‌నాయక్' వచ్చింది. ప్రెస్ చట్టాలు అప్పుడూ ఉన్నాయి, కానీ సిరా, కాగితం సర్కారు సొత్తు కాదు. ఎవడు కాదన్నా మనం సొంతంగా అచ్చు వేసుకోగలిగాం. రేడియోలో ఆ దారి లేదు. 1954 అక్టోబర్ 3న బాబాసాహెబ్ ఆకాశవాణిలో మాట్లాడారు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం తాను ఫ్రెంచి విప్లవం నుంచి తెచ్చుకోలేదనీ, తన గురువు బుద్ధుడి నుంచి తీసుకున్నాననీ ఆ ప్రసంగంలోనే చెప్పారు. అంతటి మనిషి కూడా సర్కారు మైకు ముందే మాట్లాడాలి. సొంత మైకు పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. తరంగాలకు నియంత్రణ అసలే వద్దనడం కుదరదు. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు స్టేషన్లు మోగితే రెండూ వినపడవు. పంపకం చేసేవాడు ఒకడు ఉండాల్సిందే. మన ప్రశ్న వేరే. పంపకంలో ముందు ఎవరికి పెట్టారు? చివర ఎవరికి పెట్టారు?

1993లో హీరో కప్ క్రికెట్ పోటీలు జరిగాయి. ప్రసార హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ కంపెనీకి ఇచ్చింది. దూరదర్శన్‌తో తగాదా వచ్చి అది సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ బెంచీలో ఉన్నారు. తరంగాలు ప్రజల ఆస్తి అన్నారు. వాటి మీద సర్కారు గుత్తాధిపత్యమూ ఒప్పుకోం, ప్రైవేటు గుత్తాధిపత్యమూ ఒప్పుకోం అన్నారు. సమాజంలోని అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం ఉండే స్వతంత్ర సంస్థ పెట్టి, దాని చేతికి తరంగాల నియంత్రణ ఇవ్వమని కేంద్రాన్ని ఆదేశించారు.

గొప్ప తీర్పు. మహాడ్ మున్సిపాలిటీ తీర్మానం లాంటి తీర్పు. దాని తర్వాత వరుస ఎలా నడిచిందో చూడండి.

ముందు డబ్బున్నవాళ్లు వచ్చారు. 1995లోనే తెలుగులో ప్రైవేటు శాటిలైట్ ఛానళ్లు మొదలయ్యాయి. 1999లో ఎఫ్.ఎం. ఫ్రీక్వెన్సీలు వేలం వేస్తామన్నారు. 2001లో బెంగళూరులో తొలి ప్రైవేటు ఎఫ్.ఎం. మోగింది. ప్రజల ఆస్తిని ఎక్కువ పాట పాడినవాడికి ఇచ్చారు.

తర్వాత చదువుకున్నవాళ్ల వంతు. 2002 డిసెంబరులో పేరున్న విద్యాసంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని విధానం తెచ్చారు. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం స్టేషన్ మొదలైంది. కమ్యూనిటీ అంటే జనం అనుకుంటాం, సర్కారు నిఘంటువులో కమ్యూనిటీ అంటే క్యాంపస్ అయింది.

ఈ లోపల మనవాళ్లు ఎక్కడున్నారు? జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఉన్నారు. అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసే సంఘాల్లో ఎక్కువమంది దళిత ఆడవాళ్లు. జొన్న, సజ్జ, కొర్ర పండిస్తూ, విత్తనాలు దాచుకుంటూ వచ్చినవాళ్లు. యునెస్కో సాయంతో 1998 నాటికే వాళ్లకు రేడియో స్టేషన్ కట్టడం, పరికరాలు సిద్ధమయ్యాయి. మాట్లాడేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు. లైసెన్సు ఒక్కటే లేదు. ఏం చేశారో తెలుసా? కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు ఊరూరికీ మోసుకెళ్లి, సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ మీద వినిపించారు. తరంగం చేయాల్సిన పని మనుషుల కాళ్లు చేశాయి.

అదే కాలంలో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘాల ఆడవాళ్లు 'మన రేడియో' అని చిన్న స్టేషన్ నడిపారు. ఊరు దాటని ప్రసారం. లైసెన్సు లేదని 2003లో ఆపించేశారు.

2006 నవంబర్ 16న నిబంధనలు మారి, స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరిచారు. 2008 అక్టోబర్ 15న మాచనూరు సంఘం రేడియో 90.4 మీద మోగింది. మన దేశంలో క్యాంపస్ బయట, స్వచ్ఛంద సంస్థకు ఇచ్చిన లైసెన్సుతో మొదలైన తొలి కమ్యూనిటీ రేడియో అది. నడిపింది జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ ఆ పల్లెల ఆడబిడ్డలే. కట్టడం సిద్ధమైన పదేళ్లకు, సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన పదమూడేళ్లకు వాళ్ల గొంతు ఆకాశంలోకి వెళ్లింది.

1885 చట్టం చదవండి, 2002 విధానం చదవండి. ఎక్కడా కులం అన్న మాట కనపడదు. వేలం అన్నారు, పేరున్న విద్యాసంస్థ అన్నారు. ఆ షరతులు జల్లెడ పట్టే పని చేశాయి. డబ్బు ఎవరి దగ్గరుంది, కాలేజీలు ఎవరి చేతిలో ఉన్నాయి అని వేరే అడగక్కర్లేదు.

వచ్చిన లైసెన్సు కూడా సగమే. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్, 30 మీటర్ల యాంటెన్నా. దానికైనా సర్దుకోవచ్చు. కమ్యూనిటీ రేడియో సొంతంగా వార్తలు చెప్పకూడదు, అదీ షరతు. కావాలంటే ఆకాశవాణి వార్తల్ని ఒక్క అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చని తర్వాత వెసులుబాటు ఇచ్చారు. అంటే కొర్రల గురించి మాట్లాడొచ్చు, పాట పాడొచ్చు. మా వాడ మీద దాడి జరిగింది, పోలీసులు కేసు రాసుకోలేదు అని వార్తగా చెప్పకూడదు. డబ్బున్న ఛానల్ 24 గంటలూ వార్తలు చెప్పొచ్చు.

'అన్నా, ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు, చేతిలో ఫోనుంది కదా' అని తమ్ముళ్లు అడుగుతారు. ఫోనూ ఆ చట్టం నీడలోనే పెరిగింది. 2018 ఏప్రిల్ 2న ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని కాపాడుకోవడానికి భారత్ బంద్ చేశాం. పంజాబ్, రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో చాలాచోట్ల మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటర్నెట్ ఆపడానికి 2017లో రాసుకున్న నిబంధనలు 1885 చట్టం కిందివే. 2023లో ఆ చట్టం స్థానంలో టెలికమ్యూనికేషన్స్ చట్టం తెచ్చారు. ఆపేసే అధికారం అందులోనూ భద్రంగా ఉంది. 2024లో ప్రసార సేవల బిల్లు ముసాయిదా యూట్యూబ్‌లో వార్తలు చెప్పేవాళ్లను కూడా నియంత్రణ కిందికి తెస్తోందని గోల లేచాక వెనక్కి తీసుకున్నారు. మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. వస్తే రిజిస్ట్రేషన్లు, కమిటీలు భరించగలిగే పెద్ద ఛానల్ బతుకుతుంది. వాడలో ఒక్క ఫోనుతో వీడియోలు తీసే పిల్లోడు బతకడు.

అందుకే మన డిమాండ్ కొత్తది కానక్కర్లేదు. 1995 తీర్పు చెప్పిన స్వతంత్ర సంస్థ ఏది? 1997లో ఒక ప్రసార బిల్లు పెట్టారు, అది చట్టం కాకుండానే పోయింది. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ సంస్థ రాలేదు, ప్రసార అనుమతులు ఇప్పటికీ ఢిల్లీలో మంత్రిత్వ శాఖ గదుల్లోనే తేలుతున్నాయి. అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం అని కోర్టు అన్న మాటలో మన వాటా ఉంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. మీ జిల్లాలో కమ్యూనిటీ రేడియో లైసెన్సులు ఎన్ని ఉన్నాయి, ఎవరి పేరు మీద ఉన్నాయి, అందులో కాలేజీలవి ఎన్ని, సంఘాలవి ఎన్ని అని సమాచార హక్కు కింద అడగండి. వచ్చిన జవాబు మీ హాస్టల్ గోడ మీద అంటించండి. చెరువు అందరిదీ అన్న తీర్మానం తర్వాత బాబాసాహెబ్ ఊరుకోలేదు, గట్టు దాకా నడిచారు. మనం ఇంకా తీర్పు దగ్గరే ఆగి ఉన్నాం.

వచ్చే భాగంలో కేబుల్ టీవీ గురించి. జై భీమ్.