టార్పెడో లేని సబ్‌మెరైన్: హిట్లర్ నేవీ ‘పాడి ఆవులు’

సబ్‌మెరైన్ అనగానే మనకు టార్పెడోలే గుర్తొస్తాయి కదా. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ టార్పెడో ట్యూబులే లేని సబ్‌మెరైన్లు కట్టింది. నడిసముద్రంలో మిగతా సబ్‌మెరైన్లకు డీజిల్ పోయడమే వాటి పని. ఒక రకంగా నీళ్లలో దాక్కునే పెట్రోల్ బంకు అన్నమాట.

అసలు ఈ అవసరం ఎందుకొచ్చింది? 1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. అమెరికా తీరంలో ఆయిల్ ట్యాంకర్లు సరైన కాపలా లేకుండా తిరుగుతున్నాయి. జర్మనీ సబ్‌మెరైన్లను యూ-బోట్లు అంటారు. వాటిలో ఎక్కువగా ఉన్నవి టైప్ 7 రకం. ఒక్కోదాంట్లో పట్టే డీజిల్ సుమారు 110 టన్నులే. ఫ్రాన్స్ నుంచి అట్లాంటిక్ దాటేసరికే చాలా ఖర్చయిపోయేది, తిరుగు ప్రయాణానికీ కొంత దాచుకోవాలి. ఇక వేటకు మిగిలేది కొద్ది రోజులే. పోనీ మామూలు ట్యాంకర్ ఓడను పంపుదామా అంటే, అలాంటి సప్లై ఓడల్ని బ్రిటిష్ నేవీ 1941లోనే వెతికి వెతికి దెబ్బకొట్టింది.

అందుకే టైప్ 14 వచ్చింది. నావికులు దీనికి ముద్దుగా ‘పాడి ఆవు’ అని పేరు పెట్టుకున్నారు. ఇతర బోట్లకు ఇవ్వడానికి 400 టన్నులకు పైగా డీజిల్, తిండి సరుకులు, ఒక డాక్టర్, తాజా బ్రెడ్ కాల్చే పొయ్యి కూడా ఉండేవి. ఆయుధాలంటే విమానాలను కొట్టే గన్‌లు మాత్రమే. 1942 ఏప్రిల్‌లో మొదటిది, యూ-459, బెర్ముడా దీవులకు ఈశాన్యంగా పని మొదలుపెట్టింది. ఆ ఒక్క ట్రిప్‌లోనే పదికి పైగా బోట్లకు డీజిల్ పోసింది. దాంతో చిన్న బోట్లు కూడా అమెరికా తీరంలో ఎక్కువ రోజులు వేటాడాయి.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. డీజిల్ పోయాలంటే రెండు బోట్లూ నీటి పైకి రావాలి. మధ్యలో హోస్ పైపు వేసుకుని గంటల తరబడి నెమ్మదిగా కదలాలి. ఆ టైంలో విమానం వస్తే వెంటనే మునగడం కష్టం. అంతకంటే పెద్ద సమస్య ఇంకోటి. ఎక్కడ, ఎప్పుడు కలవాలో రేడియోలో చెప్పుకోవాలి. ఆ మెసేజ్‌లు ఎనిగ్మా మెషీన్ కోడ్‌లో వెళ్లేవి.

1942 అక్టోబరు 30న మధ్యధరా సముద్రంలో యూ-559 మునిగిపోతుంటే, బ్రిటిష్ నావికులు లోపలికి దిగి కోడ్ పుస్తకాలు బయటికి తెచ్చారు. అందులో ఇద్దరు, ఫాసన్, గ్రేజియర్, ఆ బోటుతో పాటే మునిగిపోయారు. ఆ పుస్తకాల సాయంతో డిసెంబరులో కోడ్ మళ్లీ పగిలింది. ఇక మిత్రపక్షాలకు పాడి ఆవుల అడ్రస్ దొరకడం మొదలైంది.

1943 జులై వాటికి కాళరాత్రి. 13న యూ-487, 24న యూ-459 పోయాయి. 30న బిస్కే అఖాతంలో యూ-461, యూ-462 ఒకే రోజు మునిగాయి. యూ-461లో 53 మంది చనిపోయారు, 15 మంది బతికారు. దాన్ని ముంచిన ఆస్ట్రేలియా పైలట్ డడ్లీ మారోస్, నీళ్లలో కొట్టుకుంటున్న వాళ్ల కోసం పైనుంచి రబ్బరు పడవ జారవిడిచాడు. యుద్ధంలో ఇలాంటివి కూడా జరుగుతాయి.

టైప్ 7 బోట్లు 700కు పైగా తయారయ్యాయి. పాడి ఆవులు మాత్రం పదే. 1944 జూన్ నాటికి ఆ పదీ సముద్రం అడుగుకి చేరాయి. కోడ్ పగిలిందేమోనని యూ-బోట్ల అధిపతి డోనిట్జ్‌కు అనుమానం వచ్చింది కూడా. నిపుణులు అలా జరగదన్నారు, ఆయన నమ్మాడు.

నేవీ ఎంత దూరం వెళ్లగలదో తేల్చేది ఫిరంగి ఒక్కటే కాదు, వెనకాల నూనె మోసే ఓడ కూడా. ఇవాళ్టికీ అంతే. 2023 ఆగస్టులో మన నేవీ కోసం ఒక్కోటి 44,000 టన్నులుండే 5 ఫ్లీట్ సపోర్ట్ షిప్‌ల కాంట్రాక్ట్, సుమారు 19,000 కోట్ల రూపాయలది, విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కే వచ్చింది. ఈ ఓడల పని కూడా అదే, సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు ఇంధనం, తిండి, మందుగుండు అందించడం. రేపు విశాఖ బీచ్ నుంచి అలాంటి ఓడ కనిపిస్తే, గన్‌లు ఎన్ని ఉన్నాయని మాత్రం లెక్కపెట్టకండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.