జానెడు దూరం

సిరిసిల్లలో సాంచెల కార్ఖానలోకి పోయి ఎవరినైనా పలకరించాలంటే, నోరు తీసుకుపోయి వాళ్ల చెవి దగ్గర పెట్టాలి. సాంచెలంటే మరమగ్గాలు, అవి నడుస్తున్నంత సేపూ చప్పుడు 90 డెసిబెల్స్ పైనే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులోనే పెరిగిన కార్మికులు పెదవుల కదలికను బట్టి మాట పట్టుకుంటారు. ఫోనుకు ఆ విద్య రాదు. కూలి రేట్ల గురించి ఒక కార్మికుడు చెప్పే మాటను నాలుగడుగుల దూరం నుంచి ఫోనులో తీసి చూడండి. ఆయన చేతులు, కళ్లు, చొక్కాకు అంటిన నూలు పోగు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. వినిపించేది మాత్రం టకటకలే. అదే ఫోనుకు తీగ ఉన్న చిన్న మైకు గుచ్చి, ఆయన అంగీ గుండీల దగ్గర పెడితే కథ మారిపోతుంది. సాంచె వెనక్కి జరుగుతుంది, మనిషి ముందుకు వస్తాడు.

ఇందులో మాయ ఏమీ లేదు, ఉన్నదంతా దూరం లెక్క. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపయిన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న మైకును జానెడు దూరానికి తెస్తే గొంతు దాదాపు 20 డెసిబెల్స్ పెరుగుతుంది. చుట్టూ ఉన్న చప్పుడు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ ప్రాంతంలో మాటను దాచుకున్న చరిత్ర అంతా నాకు ఈ జానెడు దూరం చుట్టే తిరిగినట్టు కనిపిస్తుంది. మైకు ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ల గొంతు మిగిలింది, దూరంగా ఉన్నవాళ్ల గొంతు పోయింది.

మన ఊళ్లల్లో ‘మైకు’ అంటే మొదటి నుంచీ అర్థం వేరు. ‘మైకుల జెప్పిండ్రు’ అన్నా, ‘మైకు వెట్టిండ్రు’ అన్నా మనకు గుర్తొచ్చేది గుడి మీదో చెట్టు మీదో కట్టిన బూర. పెళ్లికీ, జాతరకూ, ఓట్లప్పుడూ కిరాయికి తెచ్చే మైకుసెట్టు. 1940లో మొదలైన అహూజా కంపెనీ పేరు ఆ పెట్టెల మీద చూడని పల్లె ఉండదు. అంటే మనకు మైకు తెలిసింది గొంతును పెద్దది చేసే వస్తువుగానే. గొంతును దాచే వస్తువుగా తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ మాటకొస్తే మన దేశంలో తొలి రికార్డులకు మైకే లేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడింది ఒక పెద్ద బూరలోకి. గొంతు బలంతోనే సూది కదిలి మైనం మీద గీత పడాలి. డేవిడ్ హ్యూస్ బొగ్గు మైకు 1878 నాటికే ఉన్నా, రికార్డులు తీసేవాళ్లకు కరెంటు మైకు అందింది 1925లోనే. అప్పటి నుంచి మెల్లగా పాడేవాళ్లకు కూడా చోటు దొరికింది. కానీ ఆ చోటు పట్నాల్లోని స్టూడియోల్లో ఉంది, ఇక్కడి మానేరు ఒడ్డున కాదు.

మానేరు ఒడ్డుకు, గోదావరి ఒడ్డుకు మాటను దాచే యంత్రం వచ్చింది గల్ఫ్ మీదుగా.

1963 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ కంపెనీ చిన్న క్యాసెట్టునూ, దాన్ని నడిపే యంత్రాన్నీ చూపింది. దాని వెనక ఉన్న ఇంజనీరు లూ ఒటెన్స్. ఆ మొదటి యంత్రంలో మైకు లోపల లేదు. తీగతో బయటి నుంచి గుచ్చాలి. ఆపడానికీ నడపడానికీ మీట కూడా ఆ మైకు మీదే ఉండేది. ఇవాళ మన పిల్లలు ఫోనుకు గుచ్చే మైకు కొత్త ఆలోచన అనుకుంటాం గానీ, జేబులో పట్టే రికార్డింగు పుట్టిందే బయటి మైకుతో. అది యంత్రం లోపలికి పోయింది తరువాత. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ పలుచటి పొరతో చేసిన ఎలెక్ట్రెట్ మైకు అందుకు దారి తీసింది. పొరలోనే విద్యుదావేశం నిలిచి ఉంటుంది కాబట్టి పెద్ద కరెంటు అక్కర్లేదు. బఠాణీ గింజంత చేయవచ్చు, చవకగా చేయవచ్చు. కంపెనీలు దాన్ని టేప్ రికార్డర్ల మూలన ఇమిడ్చాయి. పక్కన ‘మైక్’ అని రాసిన చిన్న రంధ్రం మాత్రం మిగిలింది. చాలామంది ఆ రంధ్రంలో ఎన్నడూ ఏదీ పెట్టలేదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇండ్లలోకి అలాంటి టేపులు 1980లలో దుబాయ్, మస్కట్, సౌదీ పోయినవాళ్ల పెట్టెల్లో వచ్చాయి. అప్పుడు ట్రంకు కాల్ అంటే భారం. ఉత్తరం రాయించాలంటే మూడో మనిషి కావాలి, అతని ముందు మనసులో మాట చెప్పాలి. అందుకే క్యాసెట్టు ఉత్తరమైంది. అక్కడి నుంచి ఇంటికి వచ్చేవాళ్ల చేతికి ఇచ్చి పంపేవారు. ఇక్కడ ఇంటోళ్లంతా టేపు చుట్టూ కూర్చొని విని, మళ్లీ మాటలు నింపి, పోయేవాళ్ల చేతికిచ్చేవారు. గంట టేపుకు రెండు పక్కలు, పక్కకు అరగంట.

అలాంటి ఒక టేపు నేను చాలా ఏళ్ల తరువాత విన్నాను. టేపు బల్ల మీద పెట్టినట్టున్నారు. బల్ల దగ్గర కూర్చున్న మగవాళ్ల మాట గట్టిగా ఉంది: పొలం, బాకీ, ఏజెంటు, వీసా. లోపలి మైకు కాబట్టి మోటారు గుర్రుమనే చప్పుడు అడుగున నడుస్తూనే ఉంది. ఎక్కడో దర్వాజ దగ్గర నుంచి ఒక ఆడమనిషి అంటోంది: ‘బిడ్డా, పానం మంచిగున్నదా, ఏం తింటున్నవురా…’ ఆ తరువాత రెండు మాటలున్నాయి. ఎన్నిసార్లు వెనక్కి తిప్పినా అవి నాకు అందలేదు. ఆమె గొంతు సన్నగా ఉండి కాదు. ఆమె గడపలో నిలబడింది, మైకు బల్ల మీద ఉంది. కొడుక్కు చేరాల్సిన ముఖ్యమైన మాట ఆ పది అడుగుల్లోనే రాలిపోయింది.

పాట సంగతీ ఇంతే. ఈ నేల ఒగ్గుకథకు పెట్టింది పేరు. వేములవాడ పక్కన హన్మాజీపేటలో కవి సినారె 1931లో పుట్టారు. 2010లో కన్నుమూసిన ఒగ్గుకథకుడు మిద్దె రాములుదీ ఆ ఊరే. సినారె మాట పుస్తకంగా నిలిచింది, 1988లో జ్ఞానపీఠం దాకా పోయింది. ఒగ్గుకథ మాత్రం రాసుకునే కళ కాదు. మల్లన్న కథ, ఎల్లమ్మ కథ రాత్రంతా నడుస్తుంది. కథకుడి మాటకు వంతపాటవాళ్లు తగులుతారు, డోలు లేస్తుంది, తాళాలు మోగుతాయి. దాన్ని దూరం నుంచి పట్టిన ఏ రికార్డింగు విన్నా డోలే కథ చెబుతున్నట్టు ఉంటుంది.

సెల్‌ఫోను వచ్చాక అందరి జేబులో రికార్డరు చేరింది గానీ ఈ ఇబ్బంది తగ్గలేదు, పెరిగింది. ఫోనులో మైకు సిలికాన్ ముక్క మీద చెక్కిన మిల్లీమీటరు పొర. అది చెడ్డదేమీ కాదు. కానీ ఫోనును చేసింది చెంపకు ఆనించుకొని మాట్లాడటానికి. చుట్టుపక్కల మోతను చెరపాలనీ, ఎక్కువ చప్పుడును తగ్గించి తక్కువ చప్పుడును పెంచాలనీ దానికి నేర్పారు. ఒగ్గుకథ ముందు పెడితే అది ఏం చేస్తుందో వినండి. డోలు దెబ్బ పడగానే ఫోను బెదిరి మొత్తం తగ్గిస్తుంది. ఆ వెంటనే కథకుడు అందుకున్న మాట మునిగిపోతుంది. ఒక క్షణం తరువాత మెల్లగా పైకి లేపుతుంది, అంతలో మళ్లీ దెబ్బ. విన్నంత సేపూ ఎవరో రొప్పుతున్నట్టే ఉంటుంది. మన కళల రికార్డింగులు ఎన్నో ఇలా పాడయ్యాయి, ఆ బాధ నాకు పోదు.

2016లో నలభై రోజుల లోపల మూడు సంగతులు జరిగాయి. సెప్టెంబరు 5న జియో వచ్చింది, డేటా చేతికందింది. రెండు రోజుల తరువాత ఆపిల్ కంపెనీ ఇయర్‌ఫోన్ రంధ్రం లేని ఐఫోన్ 7ను చూపింది. అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా విడిపోయి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలయ్యాయి. మొదటిదాంతో పల్లె మనుషులు వీడియోలు చూడటమే కాదు, తీయడమూ మొదలుపెట్టారు. మూడోదాంతో కొత్త జిల్లాకు కొత్త వార్తలు కావలసి వచ్చాయి. ఒక చేతిలో ఫోను, మరో చేతిలో లోగో తొడిగిన మైకు పట్టుకున్న లోకల్ విలేకరులు కలెక్టరేటు ముందు, మార్కెటు యార్డుల్లో కనిపించసాగారు. రెండోదాని ప్రభావం మనకు కొంచెం ఆలస్యంగా తగిలింది.

అంతకుముందే దారి వేసినవాళ్లూ ఉన్నారు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానల్ మొదలుపెట్టారు. ఆ ఊరి కూలిమనిషి మిల్కూరి గంగవ్వ తన మాట తాను మాట్లాడినందుకే తెలుగువాళ్లందరికీ తెలిసింది. 2019లో ‘మల్లేశం’ సినిమాలో కనిపించింది, 2020లో బిగ్ బాస్ దాకా పోయింది. ఆమెకు యాస ఎవరూ నేర్పలేదు, రాసిచ్చిన భాషను ఆమె పలకలేదు. కెమెరా ముందు నటించి, ఆనక చీకటి గదిలో గొంతు కలిపే పద్ధతిలో ఇలాంటి మాట చచ్చిపోతుంది. అక్కడికక్కడ పుట్టిన మాటను అక్కడికక్కడే పట్టాలి. సిరిసిల్ల మనిషి వేణు ఎల్దండి 2023లో తీసిన ‘బలగం’ సినిమాను రాష్ట్రమంతా కన్నీళ్లతో చూసిందంటే, ఈ యాసను విని అర్థం చేసుకునే చెవులు అప్పటికే తయారై ఉండటం ఒక కారణం. ఆ చెవులను తయారు చేసింది ఈ పల్లె వీడియోలే అని నా నమ్మకం.

ఈ వీడియోలు తీసేవాళ్ల చేతుల్లో ఆ ఏళ్లలో బాగా తిరిగిన మైకు బోయా కంపెనీ బివై-ఎం1. తీగ పొడవు 6 మీటర్లు, మూతికి చిన్న స్పాంజి టోపీ, అంగీకి పెట్టుకునే క్లిప్పు, మధ్యలో గుండీ బ్యాటరీ ఉన్న డబ్బా. ఆ డబ్బా మీద మీటను ఫోనుకైతే ‘ఆఫ్’ వైపు ఉంచాలి, కెమెరాకైతే ‘ఆన్’ చేయాలి. ఎందుకంటే మైకుకు కావలసిన కొద్దిపాటి కరెంటును ఫోనే ఆ తీగలో పంపుతుంది. ఇంకో కిటుకు పిన్ను మీద ఉంది. పిన్ను మీద రెండు గీతలుంటే అది కెమెరాకు చేసిన మైకు, మూడు గీతలుంటే ఫోనుకు చేసినది. ఫోను రంధ్రంలో రెండు చెవులకూ మైకుకూ కలిపి దారులుంటాయి, అందుకే ఒక గీత ఎక్కువ. రెండు గీతల మైకు గుచ్చితే ఫోను దాన్ని గుర్తించదు, తన లోపలి మైకుతోనే పని కానిస్తుంది. ఈ తేడా తెలియక మైకు పాడైందని పక్కన పడేసినవాళ్లు ఎందరో.

క్లిప్పు గురించి ఒక మాట చెప్పాలి. మనం దీన్ని కాలర్ మైకు అంటాం. కాలరున్న వాళ్లకు చేసిన వస్తువు ఇది. కోరుట్లలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే అవ్వకు కాలరు ఎక్కడిది? భుజం మీద కొంగుకు పెడితే, ఆకు కత్తిరించడానికి చెయ్యి కదిలినప్పుడల్లా బట్ట రాసుకొని బరబరమంటుంది. ఇంకా కిందికి పెడితే పుస్తెలతాడు తగిలి టిక్కుమంటుంది. నాకు తెలిసిన పద్ధతి ఒకటే: కొంగును రెండు మడతలు వేసి, ఆ మడత అంచుకు క్లిప్పు పెట్టి, కింద తీగను ఒక చుట్టు చుట్టి పిన్నీసుతో బట్టకు ఆనించాలి. అప్పుడు తీగ లాగినా ఆ లాగుడు మైకు దాకా పోదు. గడపలో ఆగిపోయిన ఆ తల్లి గొంతుకు దొరకని జానెడు దూరం ఈ అవ్వకు దొరికింది.

ఐఫోన్ 7 తరువాత మిగతా ఫోన్లలోనూ గుండ్రటి ఇయర్‌ఫోన్ రంధ్రం ఒక్కొక్కటిగా మూతపడింది. మైకు కూడా ఛార్జింగు పెట్టే టైప్-సి రంధ్రంలోకే చేరింది. 2023లో ఐఫోన్ 15 కూడా ఆ దారే పట్టింది. ఇప్పుడు తీగ లేని మైకులు వచ్చాయి. ఫోనుకు గుచ్చేది వేలెడంత ముక్క, మైకు అగ్గిపెట్టె కన్నా చిన్నది. సౌకర్యం చాలా ఉంది. కానీ మనిషి ఒళ్లు అడ్డం వస్తే మాట తెగుతుంది, ఛార్జింగు అయిపోతే కథ సగంలో ఆగుతుంది. పెద్దవాళ్లతో గంటలకొద్దీ కూర్చునే పనికి నేను ఇప్పటికీ తీగ మైకునే నమ్ముతాను.

ఏ మైకైనా గుచ్చగానే పని అయిపోయిందనుకోవద్దు. ఒక ముసలవ్వ తన చిన్నప్పటి నాట్ల పాటలు పాడితే నేను మైకు పెట్టి గంటన్నర తీశాను. ఇంటికి వచ్చి వింటే పాట దూరంగా, ఫ్యాను చప్పుడు దగ్గరగా ఉంది. పిన్ను రంధ్రంలోనే ఉంది, ఫోనులోని కెమెరా యాప్ మాత్రం లోపలి మైకునే తీసుకుంది. మళ్లీ పోయేసరికి ఆమె లేదు. బయటి మైకును ఎంచుకునే వీలున్న ‘ఓపెన్ కెమెరా’ లాంటి యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. అది పెట్టుకున్నాక కూడా ముందు అర నిమిషం తీసి, మైకు మూతి మీద గోటితో మెల్లగా గీకి, ఇయర్‌ఫోన్‌లో వినండి. గీకుడు గట్టిగా వినిపిస్తే మైకు పనిచేస్తున్నట్టు.

మీ ఇంట్లో పాట వచ్చిన అమ్మమ్మో, కథ చెప్పే తాతో ఉంటే వచ్చే పండుగ దాకా ఆగకండి, ఈ ఆదివారమే కూర్చోండి. ఫ్యాను ఆపండి. మైకును గదువకు జానెడు కింద పెట్టండి. ముందుగా వాళ్ల పేరు, ఊరు, ఆ రోజు తారీఖు వాళ్ల నోటితోనే చెప్పించండి.