అమ్మబోతే అడవి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. అనవలసింది. కట్టేటప్పుడు ఖర్చు తెలుస్తుంది, పెళ్లిలో బంధువులు తెలుస్తారు. అమ్మేటప్పుడు లోకమంతా తెలిసిపోతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెత చెప్పినాయన ఎప్పుడో ఒక ఇల్లు అమ్మే ఉంటాడని నా అనుమానం.

ప్రొద్దుటూరు గానీ, జమ్మలమడుగు గానీ, పులివెందుల గానీ, ఇల్లు అమ్మకానికి పెట్టామని ఒక్కరి చెవిన పడితే చాలు, మర్నాడే ఒక పెద్దమనిషి వస్తాడు. కడప బండలు పరిచిన వసారాలో తాపీగా కూర్చుంటాడు. తలెత్తి పైకప్పు చూస్తాడు. "అక్కా, మిద్దె పాతబడిపాయె. దూలాలకు చెదలు పట్టినాయి. ఏదో మీరని అడుగుతాండా" అని, మనం అనుకున్న దాంట్లో సగం చెబుతాడు. ముప్పయ్యేళ్లు ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టిన ఇల్లు! అడిగింది ఇంటి ధరా, మన ధరా అన్నంత రోషం వస్తుంది ఇల్లాలికి.

ఆ రోషాన్ని కాసేపు వంటింట్లో పెట్టి, అసలీ సగం ధర ఎక్కణ్ణుంచి పుడుతుందో చూద్దాం. దానికి వేరే దేశాల చరిత్ర అక్కర్లేదు, మన కడప జిల్లా చరిత్రే చాలు.

1800లో నిజాము కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అవే దత్తమండలాలు. వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. డేరాల్లో తిరుగుతూ ఊరూరా పొలాలు కొలిపించి శిస్తు కట్టించాడు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా జనం ఆయన్ని గుర్తుంచుకున్నారు. ఆ మన్రో కళ్లబడ్డ వింత ఒకటుంది. భూమి ఉంది, దున్నే రైతు ఉన్నాడు, కొనేవాడు మాత్రం లేడు! మిగులంతా శిస్తుకే పోతుంటే ఆ భూమిని డబ్బిచ్చి ఎవరు కొంటారు? అందుకే 1807లో శిస్తు 25 శాతం తగ్గించండి, బావుల కింది భూములకు ఇంకొంచెం తగ్గించండి, అప్పుడే భూమికి అమ్ముడుపోయే విలువ వస్తుంది అని రాశాడు. పైవాళ్లు వినలేదు. 1820లో తనే మద్రాసు గవర్నరై తిరిగివచ్చాక గానీ ఆ తగ్గింపు జరగలేదు.

ఇందులో మనకు కావలసిన ముక్క ఇది. తప్పు మట్టిలో లేదు, ధరలోంచి ఎవరో ముందే తీసేసుకుంటున్న దాంట్లో ఉంది. తక్కువ ధర వెనక ఏదో ఒక తీసివేత ఉంటుంది. ఇంటి బేరంలోనూ అంతే. లింకు దస్తావేజు ఒకటి లేకపోతే కొనేవాడు కొంత తీసేస్తాడు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయరేమోనని కొంత, ఆడపడుచు సంతకం పెట్టదేమోనని కొంత తీసేస్తాడు. కనక కోప్పడకుండా ఒక గ్లాసు మజ్జిగ చేతికిచ్చి, "ఏ లెక్కన అడుగుతాండావు నాయనా, ఆ లెక్కేందో చెప్పు" అని అడగాలి. లెక్క ఉన్నవాడు చెబుతాడు. అందులో సర్దుకోగలిగినవి మనం సర్దుకుంటే ధర దానంతటదే లేస్తుంది. లెక్క లేనివాడు మజ్జిగ తాగి పోతాడు. పోనీండి, మజ్జిగే గదా!

ఇక రెండో పాఠం చేదుది. 1876-78 మధ్య వచ్చిన కరువును మనవాళ్లు ధాత కరువన్నారు. మద్రాసు రాజధానిలో లక్షలమంది చనిపోయారు. దత్తమండలాలు దారుణంగా దెబ్బతిన్నాయి. తిండిగింజల కోసం జనం మొదట నగలమ్మారు, తర్వాత ఇత్తడి బిందెలు, ఎద్దులు. ఆఖరికి ఇంటి తలుపులు, దూలాలు కూడా ఊడదీసి అమ్ముకున్నారు. అందరూ ఒక్కసారే అమ్మేవాళ్లయితే కొనేవాళ్లెవరు? నిన్నటిదాకా వెండికున్న మెరుపు వెండికే ఉంది, ఎద్దుకున్న బలం ఎద్దుకే ఉంది. మారింది అమ్మేవాడి ఆకలి. ఆ ఆకలికే ధర కట్టారు.

సగానికి అడిగేవాడు ఇప్పటికీ చేసేది అదే. ఇంటిని చూసినట్టే ఉంటాడు గానీ చూసేది మన అవసరాన్ని. పాప పెళ్లి ఎప్పుడు, అబ్బాయి ఫీజు ఎప్పుడు కట్టాలి, ఆయన ఆపరేషన్ ఏ నెలలో అని పలకరింపుగా అడిగేవన్నీ బేరంలో భాగమే. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద చేతులు పట్టుకుని వేళ్లతో బేరమాడేది ఎందుకనుకున్నారు? పక్కవాడికి ధర తెలియకూడదని. మన అవసరాన్నీ అలాగే తువ్వాలు కింద ఉంచుకోవాలి. చేతనైతే అవసరం ముంచుకు రాకముందే ఇల్లు అమ్మకానికి పెట్టాలి.

"సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో విలువ ఇంతేగదమ్మా" అని ఇంకో బాణం వేస్తారు. ఆ విలువ స్టాంపు సుంకం కట్టడానికి పెట్టింది. బజారు ధర అంతకంటే పైనే ఉండవచ్చు. మన వీధిలో ఈమధ్య ఏ ఇల్లు ఎంతకు పోయిందో ముందే కనుక్కుని పెట్టుకుంటే ఆ బాణం తగలదు.

మరి కొనేది సర్కారే అయితే? అక్కడ ఇవ్వను పొమ్మనే వీల్లేదు. గండికోట జలాశయం కోసం కొండాపురం వైపు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అటు పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గనికీ భూములు పోయాయి. ఇలాంటి సేకరణలకు 1894 నాటి చట్టం ఒకటుండేది. బజారు విలువ మీద మొదట 15 శాతం, 1984 నుంచి 30 శాతం ఊరడింపు సొమ్ముగా కలిపి ఇచ్చేవారు. 2014లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం దాన్ని 100 శాతం చేసింది. అయితే రెండు చట్టాల్లోనూ ఒక చిన్న మెలిక ఉంది. ఇచ్చిన డబ్బు అభ్యంతరం లేకుండా పుచ్చుకుంటే, తర్వాత చాల్లేదని పైకి వెళ్లే హక్కు పోతుంది. "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి పుచ్చుకుంటే ఆ హక్కు నిలుస్తుంది, గడువులోపల అర్జీ పెట్టుకోవచ్చు. కాదనలేని అమ్మకంలో కూడా ఒక్కమాట రాసుకునే చోటు మిగిలి ఉంటుందన్నమాట. ఆ మాట తెలియక వేలిముద్ర వేసినవాళ్లకు చాల్లేదని అడిగే దారే మూసుకుపోయింది.

సంతకం అంటే గుర్తొచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షనుతో స్త్రీ ఆస్తి మామూలుగా ఆమెకే పూర్తి సొంతమైంది. ఉమ్మడి ఆస్తిలో కొడుకులతోపాటు కూతుళ్లకూ వాటా అన్నది మన రాష్ట్రంలో 1985లోనే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లల వరకు వచ్చింది. 2005లో పెళ్లయినవాళ్లకు కూడా దేశమంతటా వచ్చింది. అయినా చాలా ఇళ్లలో బేరం వసారాలో మగవాళ్ల మధ్య ముగుస్తుంది. ఇల్లాలిని కాఫీకి ఒకసారి, సంతకానికి ఒకసారి పిలుస్తారు. ఇల్లు మన పేరున ఉంటే కాఫీకీ సంతకానికీ మధ్య జరిగే మాటల్లో మనమూ కూర్చోవాలి. ఇంతకు తగ్గితే ఇవ్వను అన్న అంకె ఇంటివాళ్లంతా ముందే అనుకుని ఉండాలి. బయానా పుచ్చుకుని అగ్రిమెంటు మీద సంతకం పెట్టాక ధర చాల్లేదంటే వినేవాళ్లుండరు. కోర్టుకు వెళ్లి, రాసిన ధరకే రిజిస్టరు చేయించుకునే వీలు కొనేవాడికుంటుంది.

సగం ధర అడగడం నేరం కాదు. అడిగేవాడు అడుగుతాడు. ప్రొద్దుటూరు బంగారం అంగడిలో మనం మాత్రం బేరమాడకుండా కొంటున్నామా ఏం? అడిగిన ధర అతని మనసులోది, ఇంటి విలువ కాదు. ఇది గుర్తుంటే రోషమూ రాదు, బెంగా రాదు. "ఆ ధరకు కుదరదు నాయనా, ఇంకోమారు ఆలోచించుకుని రా" అని నవ్వుతూ చెప్పి వాకిలిదాకా సాగనంపవచ్చు. నిజంగా ఇల్లు కావలసినవాడైతే తిరిగి వస్తాడు. ఈసారి పైకప్పు వైపు చూడడు.