పసిబిడ్డ కదలికలను ఎంతవరకు నమ్మవచ్చు? నూజివీడు తోటల్లో ఆ పరీక్ష నిలిచే తీరు

నూజివీడు మామిడి తోటల్లో రసాల కోతలు మొదలయ్యాక పసిబిడ్డ తల్లులు కూడా పనికి వస్తారు. నీడపట్టున కొమ్మకు చీర ఉయ్యాల వేలాడుతుంది. బిడ్డ ఎలా ఉన్నాడని అడిగితే తల్లి "కాళ్లూ చేతులూ బాగానే ఆడిస్తున్నాడండీ" అంటుంది. మెదడు ఎదుగుదల తెలియాలంటే మాత్రం ఆ ఆట తీరు చూడాలి. ఎక్కువగా ఆడించినంత మాత్రాన అది సరైన ఆట అని చెప్పలేం.

ఈ తీరును చదవడం నేర్పినవాడు వియన్నాలో పుట్టి, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పనిచేసిన హైంజ్ ప్రెక్టల్. కాన్పుకు లెక్కగట్టిన తేదీ దాటిన తొమ్మిదో వారం నుంచి ఇరవయ్యో వారం దాకా, వెల్లకిలా పడుకుని మెలకువగా ఉన్న బిడ్డలో ఒక సన్నని అలజడి కనబడుతుంది. మణికట్టు కొద్దిగా తిరుగుతుంది, అంతలో చీలమండ, అంతలో మెడ, భుజం. ఇవి పెద్ద తన్నులు కావు. ఏ దిక్కుకు పోతాయో ముందు చెప్పలేం. వీటినే ఫిడ్జెటీ కదలికలంటారు. ఆ వయసులో ఇవి బొత్తిగా లేకపోతే మస్తిష్క పక్షవాతం రావచ్చని అనుమానించాలి.

1997లో ప్రెక్టల్ బృందం లాన్సెట్ పత్రికలో 130 మంది శిశువుల ఫలితాలు ప్రచురించింది. ఈ కదలికలు సవ్యంగా ఉన్న 70 మందిలో 67 మంది నాడీపరంగా మామూలుగానే ఎదిగారు. లేనివారు, అసహజంగా ఉన్నవారు కలిసి 60 మంది కాగా, వారిలో 57 మందికి లోపాలు తేలాయి. వీడియో చూసి, కంటిచూపుతోనే సాధించిన ఫలితమిది. శిక్షణ పొందినవారు ఒకే వీడియో చూసి పదింట తొమ్మిదిసార్లు ఒకే మాట చెబుతారనీ తేలింది.

ఈ అంకెలను ఊళ్లోని పిల్లలందరికీ వర్తింపజేయడం మాత్రం తప్పని నా దృఢమైన అభిప్రాయం. ఆ 130 మందిలో దాదాపు సగం మందిలో కదలికలు సరిగా లేవు. ఊళ్లో లెక్క వేరు. వెయ్యి మందిలో ముగ్గురికి మస్తిష్క పక్షవాతం ఉందనుకుందాం. ఆరోగ్యవంతుల్లో నూటికి నలుగురిని పొరపాటున అనుమానించినా దాదాపు 40 మంది తల్లులు ఊరికే భయపడతారు. అందుకే ఈ పరీక్ష నెలలు నిండకుండా పుట్టిన, పుట్టగానే ఏడవని, నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం (ఎస్‌ఎన్‌సీయూ)లో ఉండి వచ్చిన పిల్లలకు ముందు అందాలి.

అసలు చిక్కు ఆ పిల్లల దగ్గరే ఉంది. టీకాలు 6, 10, 14 వారాలకు వేస్తారు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు చివరి రెండూ సరిగ్గా చూడవలసిన కాలంలోనే పడతాయి. సూది గుచ్చకముందే చూస్తే చాలు. కానీ ఎనిమిది వారాలు ముందు పుట్టిన బిడ్డకు పద్నాలుగో వారం టీకా నాటికి సవరించిన వయసు, అంటే కాన్పు జరగవలసిన తేదీ నుంచి లెక్కించే వయసు, ఆరు వారాలే. ఆనాడు ఆ కదలికలు లేవని భయపడటం అన్యాయం. ఆ బిడ్డను పుట్టిన ఐదో నెలలో చూడాలి. ఆ నెలలో టీకా ఏదీ లేదు, తరువాతిది తొమ్మిది నెలలు నిండాకే. ఆశా కార్యకర్త మూడో నెలలో ఇంటికి వెళితే మరీ తొందర, ఆరో నెలలో వెళితే గడువు చివరికొచ్చేస్తుంది.

చూసే తీరులోనూ మెలకువ కావాలి. ఉయ్యాల చీర ఒళ్లంతా చుట్టుకుంటుంది, అందులో మణికట్టు కనబడదు. బిడ్డను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతులూ కాళ్లూ బయటికుంచి, బొమ్మ చూపకుండా, పలకరించకుండా, సెల్‌ఫోన్‌తో మూడు నుంచి ఐదు నిమిషాలు వీడియో తీయాలి. ఏడుస్తుంటే, నిద్రపోతుంటే ఆ వీడియో పనికిరాదు. వీడియో చూసేవారు శబ్దం ఆపి, ఒక్క చేతి మీదో కాలి మీదో దృష్టి పెట్టకుండా మొత్తం కదలికను చూడాలి. అలసిన కన్ను పొరబడుతుంది కనుక ముప్పావు గంటకోసారి విరామం తీసుకోమంటారు.

ఇంతకూ ఈ వయసు లెక్కకు ఆధారం ఒక్క తేదీ. కాన్పు జరగవలసిన తేదీని ఎస్‌ఎన్‌సీయూ నుంచి పంపేటప్పుడు ఇచ్చే చీటీ మీద, పుట్టిన తేదీ పక్కనే పెద్ద అక్షరాలతో రాయాలి. దాని కిందనే వీడియో తీయవలసిన వారం వేసి తల్లికి చదివి వినిపించాలి.