వేలూరు – గుడియాత్తం దారి: ఒక వైద్య సంస్థ చరిత్ర నేర్పే పాఠం

ఏ సంస్థ చరిత్రను పరిశీలించినా అక్కడ కొన్న యంత్రాల పట్టిక కంటే, ఆ యంత్రాలు ఎవరి చేతికి అందాయి, ఎందరికి ఉపకరించాయి అన్నదే ముఖ్యంగా కనిపిస్తుంది. పరికరాన్ని ధనంతో కొనవచ్చు. దానిని నడిపే మనిషిని, మరమ్మతు చేసే పనివానిని, వేళకు ఫలం అందించే ఏర్పాటును మాత్రం ఎంతో ముందుగా ఆలోచించి సమకూర్చుకోవలసి ఉంటుంది. ఈ సత్యానికి నిదర్శనం కోసం దూరదేశాలకు పోనక్కరలేదు. పాలారు తీరాన వేలూరు, కౌండిన్య నది తీరాన గుడియాత్తం, ఈ రెండింటినీ కలిపే దారి చాలును.

1911కు పూర్వం వేలూరు, గుడియాత్తం, చిత్తూరు అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. 1911లో చిత్తూరు ప్రత్యేక జిల్లాగా ఏర్పడినప్పటికీ, ఈ సీమలో తెలుగు, తమిళ కుటుంబాల సహజీవనం చెక్కుచెదరలేదు. ఈ సీమకే చెందిన రాణిపేటలో 1870లో ఐడా స్కడ్డర్ జన్మించారు. యౌవనంలో తిండివనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు ప్రసవవేదనతో మరణించడం ఆమె జీవితగతినే మార్చివేసింది. పురుషవైద్యుడు గడపలోనికి రాకూడదన్న ఆచారమే ఆ మరణాలకు కారణం. అమెరికాలో వైద్యవిద్య ముగించి 1900లో ఆమె వేలూరు చేరారు. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి వెలసింది.

ఆసుపత్రి కట్టడంతో పని ముగిసిందని ఆమె తలచలేదు. రోగి ఆసుపత్రికి రాలేనప్పుడు వైద్యమే రోగి వద్దకు పోవాలి కదా! ఎద్దుబండి మీద పల్లెలకు పోవడానికే పగలంతా గడిచిపోయేది. 1909 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు ప్యూజో మోటారుకారు ఆమెకు లభించింది. మోటారు వాహనమే ఎరుగని పల్లెలకు అది గొప్ప వింత. అయితే ఆ కారు ఘనత దాని వేగంలో లేదు. గుడియాత్తం దారిలో నియమిత దినాన, నియమిత స్థలాన, చెట్ల నీడన వైద్యం అందేది. వారం వారం అదే తావున రోగులు గుమిగూడి ఎదురుచూసేవారు. మందులు, కట్లు ముందే సర్దుకోవాలి. సహాయకులకు పనులు పంచాలి. పోయిన వారం చూసిన రోగిని ఈ వారం మరువరాదు. ఈ ఏర్పాటు లేకుంటే కారు ఒకసారి వచ్చి దుమ్ము రేపి పోయిన వింతగానే మిగిలేది. చెప్పిన రోజున మరల వచ్చినందువల్లనే పల్లెల నమ్మకాన్ని చూరగొన్నది.

మరొక విషయం గమనార్హం. ఒక్క వైద్యురాలు ఎన్ని ఊళ్లు తిరగగలరు? అందుకే పనివారిని తయారుచేయడం కూడ ప్రణాళికలో భాగమయింది. 1909లో నర్సుల శిక్షణాలయం, 1918లో స్త్రీల వైద్య పాఠశాల ప్రారంభమయ్యాయి.

ఆ వైద్య పాఠశాలకు 1930ల చివర గండం ఏర్పడింది. స్వల్పకాలిక వైద్య డిప్లొమా చదువులకు స్వస్తి చెప్పి, విశ్వవిద్యాలయ పట్టా చదువు ఉండాలని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. ఇందుకు ప్రయోగశాలలు, పరికరాలు, అధిక సంఖ్యలో పడకలు, ఉన్నత విద్యావంతులైన అధ్యాపకులు కావాలి. ఇవి లేకుంటే పాఠశాల మూతపడక తప్పదు. అప్పటికి డెబ్బది ఏళ్లు సమీపించిన ఐడా స్కడ్డర్ నిధుల కోసం మరల అమెరికాకు ప్రయాణమయ్యారు. 1942లో ఎం.బి.బి.ఎస్. తరగతులు మొదలయ్యాయి. 1947లో పురుష విద్యార్థులకు సైతం ప్రవేశం లభించింది. స్త్రీల కోసమే పుట్టిన సంస్థ ఆ నియమాన్ని సడలించుకోవడం సులభమైన నిర్ణయం కాదు. ఏది మార్చుకోవచ్చునో, ఏది విడువరాదో తెలిసి మెలగడం నిర్వహణలో కఠినమైన భాగం.

ఖరీదైన యంత్రమే సాంకేతికత అనుకోవడం పొరపాటు. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకర తిరిగిన చేతులకు శస్త్రచికిత్స చేసి మరల పనిచేయించారు. స్పర్శజ్ఞానం లేనందున రోగి తనకు తెలియకనే పాదాలను గాయపరచుకుంటున్నాడని ఆయన గ్రహించారు. అందుకు విరుగుడు మెత్తని రబ్బరు చెప్పులు! శస్త్రవైద్యుని జ్ఞానానికి చెప్పులు కుట్టేవాని నేర్పు తోడయితేనే ఆ చికిత్స సంపూర్ణమయింది. 1960ల ఆరంభంలో ఇదే సంస్థలో గుండెను తెరిచి చేసే శస్త్రచికిత్సలు మొదలయ్యాయి. అక్కడ కూడ యంత్రం ఒక్కటే చాలదు. మత్తు ఇచ్చే వైద్యుడు, రక్తనిధి, యంత్రాన్ని కనిపెట్టి ఉండే సాంకేతికుడు, రాత్రంతా మేలుకొని ఉండే నర్సు ఒక్కతాటిపై నడవాలి. ఒక్కరు తప్పినా ప్రాణానికే ముప్పు.

1960లో ఐడా స్కడ్డర్ కన్నుమూశారు. కాని గుడియాత్తం దారిని సంస్థ మరువలేదు. 1977లో ఆ ప్రాంతంలోనే కె.వి.కుప్పంలో గ్రామీణ ఆరోగ్య, సామాజిక సేవా కేంద్రం వెలసింది. ఒకనాడు వారానికొకసారి చెట్టు నీడన అందిన వైద్యం ఈ సీమలో స్థిరనివాసం ఏర్పరచుకున్నది. వ్యక్తి మొదలుపెట్టిన పనిని వ్యక్తి తదనంతరం సంస్థ కొనసాగించగలిగితేనే ఆ ప్రణాళిక సఫలమయినట్లు.

ఈ చరిత్ర పాఠశాలలకూ వర్తిస్తుంది. పగిలిపోతుందన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేసిన సూక్ష్మదర్శిని, నేర్పేవారు లేక గుడ్డ కప్పుకొని ఉన్న కంప్యూటరు ఎన్ని బడులలో కనిపించవు! కొనే రోజున జరిగే ఉత్సవం కంటే కొన్న తరువాతి ఏడాది లెక్క ముఖ్యం. ఎవరు నేర్పుతారు, ఏ గంటలో నేర్పుతారు, పాడయితే ఎవరు బాగుచేస్తారు, వెనుకబెంచీలోని బాలికకు వంతు ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్నలకు జవాబులు వ్రాసుకున్న పిమ్మటనే కొనుగోలు కాగితంపై సంతకం చేయడం ఉచితం. గుడియాత్తం దారిలో చెట్ల కింద నిలిచిన రోగులు కారు కోసం ఎదురుచూడలేదు. అందులో వచ్చే సహాయం కోసం ఎదురుచూశారు. నేటి విద్యార్థులు, రేపు సంస్థలను నడుపబోయే పౌరులు ఈ భేదాన్ని ఎన్నడూ మరువకుందురు గాక!