ఆహార భద్రత, ప్రజలకు హెచ్చరిక: తెలుగు మెట్టప్రాంతాల చరిత్ర

తిండిలో చేరే విషాలను, సూక్ష్మజీవులను గుర్తించి, ఎంత మోతాదులో ఎవరికి ముప్పో తేల్చి, ఆ సంగతి జనానికి అందజేసే శాస్త్రం ఇది. తెలుగునాట ఈ శాస్త్రం హైదరాబాదు ప్రయోగశాలల్లో పెరిగింది. దానికి పని పెట్టినవి మాత్రం మెట్టపొలాల జొన్న, మొక్కజొన్న, వేరుశనగ. కర్నూలు నుంచి విడివడి 2022 ఏప్రిల్ 4న జిల్లా అయిన నంద్యాల, అందులోని ఆళ్లగడ్డ ప్రాంతం ఈ పంటలకు పాత నెలవులు.

పూర్వం

నల్లరేగడి ఊళ్లలో జొన్నను శతాబ్దాల పాటు పాతరల్లో నిలవ చేశారు. పాతర మూత తీసిన వెంటనే లోపలికి దిగకూడదనీ, చెమ్మ తగిలి ముక్కిన గింజను ఏరి పక్కన పెట్టాలనీ రైతు కుటుంబాలకు తెలుసు.

చట్టాలు

కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1918లో, అక్కడ ఆహార కల్తీ నివారణ చట్టం వచ్చింది. దేశమంతటికీ వర్తించే కల్తీ నిరోధక చట్టం 1954లో తయారై 1955 జూన్ 1 నుంచి అమలైంది. రెండింటి చూపూ అమ్మకానికి పెట్టిన సరుకు మీదే. పాలలో నీళ్లు, కారంలో ఇటుకపొడి కలిపినవాణ్ణి పట్టుకోవడానికి అవి పనికొచ్చాయి. రైతు తన ఇంట్లో తన కోసం దాచుకున్న గింజకు బూజు పడితే అందులో నేరస్థుడు లేడు, ఇన్‌స్పెక్టరు వచ్చే అవసరమూ లేదు. ఆ గింజ తినేవారికి చట్టం చెప్పగలిగింది ఏమీ లేకపోయింది.

హైదరాబాదు ప్రయోగశాల

1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధిపై మొదలుపెట్టిన చిన్న పరిశోధన, పోషణ పరిశోధనశాలగా ఎదిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఇక్కడికి వచ్చిన కొత్తలోనే సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య జొన్నే ప్రధానాహారమైనవారిలో కనబడే పెల్లాగ్రా అనే వ్యాధి మీద దృష్టి పెట్టారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండటమే కారణం కావచ్చని 1960లో ప్రతిపాదించారు. ఈ వాదనపై తరవాత చాలా చర్చ నడిచింది. అయినా ఊళ్లో జనం రోజూ తినే గింజనే ప్రయోగశాల బల్ల మీదికి తెచ్చిన ఘనత వారిది.

అదే 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క ఉంది. ఆ చెక్కకు పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే ఈ విషం వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. పిల్లలకు చవకగా మాంసకృత్తులు అందించడానికి వేరుశనగ పిండి మీద ఆశలు పెట్టుకున్న మన దేశానికి ఇది పెద్ద దెబ్బ. ఇలాంటి విషాల పరిశీలనకు హైదరాబాదు సంస్థలో 1971లో ఆహార, ఔషధ విషశాస్త్ర పరిశోధన కేంద్రం ఏర్పడింది.

1974 శీతకాలం ముందర గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లాల గిరిజన గ్రామాల్లో కామెర్లు, పొట్టలో నీరు చేరడం మొదలైంది. 397 మంది జబ్బుపడ్డారు, 106 మంది చనిపోయారు. ఆ ఇళ్ల కుక్కలకూ అదే జబ్బు. హైదరాబాదు నుంచి వెళ్లిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, రమేశ్ వి. భట్, వారి సహచరులు కారణం కోసం నేరుగా ఇంటి గాదెలు చూశారు. అకాలవర్షానికి తడిసిన మొక్కజొన్నలో 6 నుంచి 15 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దాకా అఫ్లటాక్సిన్ తేలింది. 1975లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఈ నివేదిక ప్రపంచ విషశాస్త్ర గ్రంథాల్లో నిలిచిపోయింది. బూజు ఆ కుటుంబాల కంటికి కనబడుతూనే ఉంది. ఇంట్లో వేరే గింజ లేక దాన్నే తిన్నారు. ‘తినకండి’ అన్న హెచ్చరిక పక్కన మంచి గింజ కూడా ఉండాలన్న పాఠం ఈ శాస్త్రానికి అక్కడే దక్కింది.

అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజాలో చిరుధాన్యంలో కలిసిన కలుపుగింజ వల్ల వచ్చిన కాలేయవ్యాధిని కూడా ఈ బృందం పరిశీలించింది.

జొన్నకు బూజు

1960ల తరవాత వచ్చిన స్వల్పకాలిక హైబ్రిడ్ జొన్నలు దిగుబడి పెంచాయి. అయితే వానలు ఆగకముందే కంకి పక్వానికి రావడంతో గింజ నల్లబడి బూజు పట్టేది. నంద్యాల, ఆళ్లగడ్డ రేగళ్లలో వేసే మాఘీ జొన్న, పచ్చజొన్న వానలు వెళ్లాక కోతకు వస్తాయి కనుక ఈ బెడద వాటికి తక్కువ. 1906 నుంచి పనిచేస్తున్న నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం జొన్న, కొర్ర, పత్తి, శనగ పంటల్లో స్థానిక కాలానికి తగిన రకాలు తీసుకొచ్చి రైతుకు ఎంతో మేలు చేసింది.

1995లో కోత సమయానికి వాన పడి దక్కను పీఠభూమిలోని కొన్ని గ్రామాల్లో జొన్న, మొక్కజొన్న తడిశాయి. ఆ గింజతో రొట్టెలు తిన్నవారికి కడుపునొప్పి, పొట్టలో గుడగుడ, విరేచనాలు పట్టుకున్నాయి. చూసిన 50 గ్రామాల్లో 27 ఊళ్లలో జబ్బు కనిపించింది. భట్ బృందం పరీక్షల్లో ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషం బయటపడింది. దక్షిణాఫ్రికాలో దాన్ని గుర్తించి అప్పటికి ఏడేళ్లే. ఆ గింజ మానేయగానే జబ్బు తగ్గింది, ఎవరూ చనిపోలేదు. ఈలోపు 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకంతో రాయలసీమ కంచంలో జొన్న రొట్టె పక్కకు జరుగుతూ వచ్చింది. తడిసిన జొన్న కోళ్ల దాణాకు మళ్లింది.

వేరుశనగ: రైతుకు అర్థమయ్యే కొలత

పటాన్‌చెరులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి, సహచరులు అఫ్లటాక్సిన్‌ను చవకగా కొలిచే ఎలీసా పరీక్షను రూపొందించారు. వేరుశనగ పంట చివర్లో బెట్ట తగిలినా, పీకేటప్పుడు కాయ చితికినా, గింజ పగలకుండా ఉండాలని కాయ ఒలిచే ముందు నీళ్లు చల్లినా బూజు పెరుగుతుంది. తేమ 8, 9 శాతానికి దిగాలని చెబితే పొలంలో ఎవరికీ ఉపయోగం లేదు. కాయను చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, కట్టలను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టాలి అని విస్తరణ సిబ్బంది చెప్పే మాట సులువుగా పాకుతుంది. అఫ్లటాక్సిన్ శుద్ధి చేసిన నూనెలో దాదాపు ఉండదు. ఎక్కువ భాగం చెక్కలో మిగిలి, అది తిన్న పశువు పాలలోకి అఫ్లటాక్సిన్ ఎం1 అనే రూపంలో దిగుతుంది. అందుకే పాల వ్యాపారం బలంగా ఉన్న నంద్యాల వంటి చోట దాణా నాణ్యత మనుషుల ఆరోగ్య విషయం కూడా.

జనం ఏమనుకుంటున్నారు

2000 దశకంలో హైదరాబాదు సంస్థ దృష్టి వినేవారి వైపు మళ్లింది. జి.ఎం. సుబ్బారావు, వి. సుదర్శన్ రావు, కల్పగం పొలాస తదితరులు నాలుగు దక్షిణాది రాష్ట్రాల తల్లులతో ఆహార భద్రతపై బృంద చర్చలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించారు. చెప్పడానికి ముందు వినాలన్న ఈ పద్ధతి తెలుగునాట అంతకుముందు అరుదు.

ఇటీవల

2006లో వచ్చిన ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2011 ఆగస్టు 5 నుంచి అమలవుతోంది. 2020 డిసెంబరు 5న ఏలూరులో మొదలైన మూర్ఛలు 600 మందికి పైగా వచ్చినప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. 16వ తేదీ నాటికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ మధ్యకాలంలో ఊరికి అందాల్సింది ఏ నీళ్లు తాగాలో, ఏ కూర వండాలో చెప్పే స్పష్టమైన మాట. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. ఏ పదార్థం, ఎందుకు, ఎంతకాలం అన్న మూడూ ఆ ఉత్తర్వులో ఉన్నాయి.