గృహప్రవేశానికి ముందే లేచిన పొగ

జగిత్యాల కోటను 1747లో జఫరుద్దౌలా కట్టించాడు. ఫ్రెంచి ఇంజినీర్లు దగ్గరుండి నక్షత్రాకారంలో, చుట్టూ కందకంతో లేపిన ఈ రాతికోటలో ఫిరంగుల కథే మనకు గుర్తుంటుంది. రాళ్ల సందుల్లోని సున్నం చెప్పే కథ వేరు. ఇంటికి కరెంటు బిల్లు నెలనెలా కళ్లబడుతుంది గానీ, సిమెంటు, స్టీలు, ఇటుక తయారీలో వెలువడిన కార్బన్ గృహప్రవేశానికి ముందే గాల్లో కలిసిపోతుంది. దాన్ని తర్వాత తగ్గించే దారి లేదు. కట్టడాన్ని ఎక్కువ ఏళ్లు నిలిపి, ఏడాదికి పడే వాటాను తగ్గించుకోవడమొక్కటే మిగులుతుంది. ఆ లెక్కన ఈ కోట రెండున్నర శతాబ్దాలుగా తన బాకీ తీరుస్తూనే ఉంది.

సున్నమేమీ పులుకడిగిన ముత్యం కాదు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని బట్టీలో కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, కట్టెల పొగ అదనం. అయితే 900 డిగ్రీల వేడి దానికి చాలు, సిమెంటుగా పొడి చేసే కాల్చిన గడ్డకు, అంటే క్లింకరుకు, 1450 కావాలి. పైగా ఎద్దు గానుగలో ఇసుకతో నలిగి గోడకెక్కిన సున్నం, గట్టిపడుతూ పోయిన వాయువులో చాలా భాగాన్ని తిరిగి పీల్చుకుంటుంది. టన్ను క్లింకరుకు 800 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అందులో సగానికి మించి సున్నపురాయిలోంచే వస్తుంది కాబట్టి, బొగ్గు మానేసినా బెడద పూర్తిగా పోదు.

అలాగని మళ్లీ డంగు సున్నం, మట్టిగోడ, గూనపెంక అంటే ఎవరు వింటారు? వినకపోవడమే న్యాయం. ఏటా వానాకాలం ముందు పెంకలు సర్దించుకునే బాధ పడ్డవాళ్లకే తెలుసు. సిరిసిల్ల పక్కన మండేపల్లిలో 2021లో 1320 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. సొంత గూడు లేని కుటుంబాలకు కోటగోడ చూపించి సిమెంటు వద్దనడం పెద్దమనిషితనం అనిపించుకోదు. అడగాల్సిందల్లా ఆ సిమెంటులో క్లింకరు ఎంత అన్నదే. 1983 నుంచి కరెంటు ఇస్తున్న రామగుండం ఎన్టీపీసీ బూడిద మనకు చేరువలోనే ఉంది. పొజోలానా సిమెంటులో 35 శాతం దాకా బూడిద కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. బూడిద ఇటుకకైతే బట్టీయే అక్కర్లేదు. బొగ్గు బూడిద పచ్చదనమెలా అవుతుందని నిలదీస్తే, ఆ మాటా నిజమే. కాకపోతే ఇప్పటికే చెరువుల్లా పేరుకున్నదాన్ని వాడకుండా వదిలేస్తే బొగ్గు ఆగదు కదా.

మేస్త్రీల అభ్యంతరం ఇంకా గట్టిది. బూడిద కలిపిన సిమెంటుకు బలం నిదానంగా వస్తుంది, సెంట్రింగు తొందరగా విప్పితే ముప్పు. ఇక్కడే అసలు తిరకాసు. గల్ఫ్ సంపాదనతో కోరుట్ల చుట్టుపక్కల లేచిన స్లాబుల్లో ఏది ముప్పై ఏళ్లకే కూలుతుందో, ఏది అరవై నిలుస్తుందో సంచి మీది బ్రాండు తేల్చదు, కడ్డీ మీది కాంక్రీటు కవరూ, తడి ఆరనివ్వని క్యూరింగూ తేలుస్తాయి. కవరు పలచనై తేమ తగిలితే కడ్డీ తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు రాలుతాయి. ముప్పై ఏళ్లకే కూల్చి కట్టామంటే పొగ రెండింతలు. బూడిద సిమెంటుకు కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలని కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. మే నెల ఎండలో స్లాబు మీద మడికట్టి అన్నాళ్లూ నీళ్లు నిలిపే మనిషికి కూలి ఎవరిస్తారన్నది గుత్తేదారు, ఇంటి యజమాని ముందే మాట్లాడుకోవాల్సిన బేరం.